లాలాగూడ ఫుట్‌బాల్ దుకాణం: ముందు బూట్లు, వెనక గదిలో మన పోలీస్ టీమ్

పిల్లలకి ఫుట్‌బాల్ బూట్లు కొనాలన్నా, బాల్ కుట్టు ఊడితే వేయించుకోవాలన్నా, ఇంట్లో అటక మీద పాత టీమ్ ఫోటో ఏదైనా ఉండి అందులో ఎవరెవరున్నారో తెలుసుకోవాలన్నా సికింద్రాబాద్‌లో నేను చెప్పేది ఒకే దుకాణం. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వైపు వెళ్ళే దారిలో, లోపలి గల్లీలో ఉంటుంది. బోర్డు మీద స్పోర్ట్స్ గూడ్స్, రిపేర్లు అని తప్ప ఇంకేం రాసి ఉండదు. నడిపే అంకుల్ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు. పేరూ ఫోన్ నంబరూ పెట్టొద్దని ఆయనే అడిగారు, పాత సామాన్లు కొని అమ్ముకునేవాళ్ళు వేళాపాళా లేకుండా ఫోన్లు చేస్తారట, అందుకే పెట్టట్లేదు. గల్లీ మొదట్లో నిలబడి ఫుట్‌బాల్ అంకుల్ షాప్ ఎక్కడ అని అడిగితే ఆడుకునే పిల్లలే తీసుకెళ్తారు.

ముందు దుకాణం సంగతి. మా పాప అండర్-13 ఆడుతుంది, దానికి బూట్ల కోసం మొదటిసారి వెళ్ళాను. మాల్‌లో అయితే పొడుగు స్టడ్‌లు, అంటే సోల్ కింద పొడుచుకొచ్చే గట్టి బుడిపెలు ఉన్నవి, మెరిసే రంగులవి చూపించి ఇవే మంచివంటారు. ఇక్కడ అంకుల్ బూట్లు చూపించకముందే "ఏ గ్రౌండ్‌లో ఆడుతది బిడ్డా?" అని అడిగారు. మట్టి గ్రౌండే అంకుల్, మధ్యలో కొంచెం గడ్డి అన్నాను. అయితే పొడుగు స్టడ్‌లు వద్దే వద్దన్నారు. మన గ్రౌండ్లు గట్టి నేల, మొరం, స్టడ్ లోపలికి దిగదు, పిల్ల ఆ స్టడ్‌ల మీదే నిలబడి పరిగెత్తాల్సి వస్తుంది, ఎదిగే వయసులో మడమ నొప్పికి అదీ ఒక కారణమట. పొట్టి రబ్బరు బుడిపెలు వరసగా ఉండే టర్ఫ్ బూట్లు ఇచ్చారు. వేసి నిలబెట్టి, బొటనవేలు ముందు తన చూపుడువేలు అడ్డంగా పెట్టి చూసి, సాక్స్ వేసుకున్నాక కూడా ఇంతే ఖాళీ ఉండాలి, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని పెద్ద సైజు కొనకండి అని చెప్పారు. పెద్ద సైజు అంటగడితే అడ్డుచెప్పే తల్లిదండ్రులు ఎవరూ ఉండరు, అయినా ఆయన అంటగట్టలేదు. తొమ్మిది వందలు తీసుకున్నారు. పాపకి మడమ నొప్పి రాలేదు, సోల్ కూడా ఇంకా గట్టిగానే ఉంది.

బాల్ రిపేరు చూడాలంటే కొంచెం ఖాళీ పెట్టుకుని వెళ్ళండి, ఎందుకంటే ఆయన చేతులు చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది. చేత్తో కుట్టిన బాల్ అయితే వాల్వ్‌కి ఎదురుగా ఉన్న కుట్టు ఒక్కటే విప్పుతారు, లోపలి గాలి సంచి, అంటే పాత బ్లాడర్ మెల్లగా బయటికి లాగి కొత్తది మడతపెట్టి లోపలికి తోసి, వాల్వ్ కన్నానికి సరిగ్గా ఎదురుగా వచ్చిందా లేదా అని వేలితో తడిమి చూసుకుని, మైనం పట్టించిన దారంతో రెండు సూదులు రెండు వైపుల నుంచీ ఎదురెదురుగా పోనిచ్చి కుడతారు. చివరి ముడి లోపలికి పోతుంది, ఎక్కడ కుట్టారో వెతికినా కనపడదు. గాలి కొట్టేముందు పంపు సూదిని తడపాలి, పొడి సూది గుచ్చితే వాల్వ్ చిరుగుతుంది, ఇది మా కోచ్ కూడా ఎప్పుడూ చెప్పలేదు. అతికించి చేసిన కొత్తరకం బాల్ తీసుకెళ్తే మాత్రం చెయ్యనని తిప్పి పంపేస్తారు, అది విప్పితే మళ్ళీ గుండ్రంగా రాదట. బాల్ అయితే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి సైజు 4, ఆ పైన సైజు 5. చిన్నపిల్లల చేతికి సైజు 5 ఇచ్చి ఆడిస్తున్న అకాడమీలు మన ఊళ్ళో చాలానే ఉన్నాయి, ఆ మాట ఎత్తితే అంకుల్‌కి నిజంగా బాధ కలుగుతుంది.

ఇంతవరకు ఇది మంచి దుకాణం. కౌంటర్ పక్కన పూసల కర్టెన్ జరిపి లోపలికి వెళ్తే ఉండే గది కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

గది చిన్నది, పది బై పది ఉంటుందేమో. రెండు గోద్రెజ్ బీరువాలు, గోడకి అద్దాల అరలు, కిటికీకి మందపాటి నల్ల గుడ్డ. అందులో ఉన్నదంతా ఒకే టీమ్‌ది, హైదరాబాద్ సిటీ పోలీస్‌ది. ఇప్పటి పిల్లలకి ఆ పేరు చెబితే పోలీసులకి టీమ్ ఏంటి అంటారు. ఆ టీమ్ బొంబాయి కూపరేజ్ గ్రౌండ్‌కి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నమెంట్లలో ఒకటైన రోవర్స్ కప్ వరసగా ఐదేళ్ళు తెచ్చింది. 1950లోనే ఇంకో పెద్ద టోర్నమెంట్ డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ని ఓడించింది, మళ్ళీ 1954లో, 1957లో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో డ్యూరాండ్ గెలిచింది. కలకత్తా జట్లు మనల్ని చూసి భయపడిన రోజులవి. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956లో, 1957లో రెండుసార్లూ హైదరాబాద్‌దే. ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, కానీ ఒక గోడ మీద ఏడాది తర్వాత ఏడాది వరసగా చూస్తే మన ఊరి గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది.

అంకుల్‌కి ఈ పిచ్చి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. చిన్నప్పుడు నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని ఫతే మైదాన్‌కి వెళ్ళేవారట. ఆ ఫతే మైదానే 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. నాన్న దాచిన కొన్ని పేపర్ కటింగులతో మొదలుపెట్టి, పాత పుస్తకాల వాళ్ళ దగ్గరా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, బోలారం, అల్వాల్, బార్కస్ లాంటి ఫుట్‌బాల్ బస్తీల్లో ఆడినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళీ పోగుచేశారు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు పాత ట్రంకు పెట్టెలు పడేస్తున్నారంటే చాలు, ఆటో కట్టించుకుని వెళ్ళిపోతారు. టికెట్ ముక్కలు, టోర్నమెంట్ సావనీర్లు, లేసు కట్టే తోలు బాల్ ఒకటి, చీలమండ పైదాకా వచ్చే బరువైన బూట్లు, ఆటగాళ్ళు ఇళ్ళకి రాసిన పోస్టుకార్డులు ఉన్నాయి. ఆ తోలు బాల్ చేతికిచ్చి పట్టుకోమన్నారు. పొడిగా ఉంటేనే ఇంత గట్టిగా ఉంది, వానలో తడిసి నీళ్ళు పీల్చుకున్నాక, లేసు ముడి నుదుటికి తగిలేలా దీనితో హెడింగ్ చేశారంటే ఆ మనుషులు ఎలాంటివాళ్ళో అనిపించింది.

రహీం సాబ్‌కి ఒక అర మొత్తం ఇచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ, పోలీస్ టీమ్‌కి కోచ్, దేశానికీ కోచ్. 1951లో ఢిల్లీలో ఇరాన్ మీద 1-0, 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1, ఈ రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలూ ఆయన చేతిమీదుగా వచ్చినవే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానం వచ్చింది కూడా ఆయన ఉన్నప్పుడే. జకార్తా అయిన మరుసటి ఏడాది, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. ఆయన మీద మైదాన్ సినిమా వచ్చాక ఈ మాత్రం చాలామందికి తెలిసింది. అంకుల్ అరలో నాకు నచ్చింది ఇంకొకటి: రహీం సాబ్ పిల్లలకి పెట్టిన పోటీల గురించి ఒక కాగితం. డ్రిబ్లింగ్, అంటే బాల్‌ని కాళ్ళ దగ్గరే ఉంచుకుని తోసుకుంటూ వెళ్ళడం, చెయ్యకూడదనే రూలుతో ఒక టోర్నమెంట్, బలం లేని కాలితోనే ఆడాలని ఇంకో టోర్నమెంట్ పెట్టేవారట. మా పాప అది చదివి ఇంటికి వచ్చి గోడకి ఎడమ కాలితో కొట్టడం మొదలుపెట్టింది, పక్కింటివాళ్ళు కూడా ఏమీ అనలేదు.

అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అఫ్జల్, వీళ్ళు జకార్తా టీమ్‌లో ఉన్న మనవాళ్ళు. తర్వాతి అరలో నయీముద్దీన్, హబీబ్. హబీబ్ 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ జట్టు కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు, ఆ మ్యాచ్ 2-2. అంత పెద్ద ఆటగాడు 2023 ఆగస్టు 15న మన ఊళ్ళోనే పోతే నా చుట్టూ ఎంతమందికి తెలిసిందో చూశాను కాబట్టే ఈ గది విలువ నాకు తెలుసు. బలరాం కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఫోటోల సంగతి. మా మామయ్య వాళ్ళ నాన్నగారు పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో చేశారు. వాళ్ళింట్లో ఒక పాత గ్రూప్ ఫోటో ఉంది, రెండు వరసల ఆటగాళ్ళు, చివర్లో సూటు వేసుకున్న ఒకాయన. ఆ సూటాయన రహీం సాబేనని మామయ్య చిన్నప్పటి నుంచీ అందరికీ చెబుతూ వచ్చారు. ఫ్రేము వానకి తడిసి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. ఒక స్టూడియోలో ఊడదీసి లామినేషన్ చేస్తామన్నారు, ఇంకా నయం, ఇవ్వలేదు. అంకుల్ దగ్గరికి తీసుకెళ్ళి "ఇది ఊడుతుందా అంకుల్?" అంటే ఊడదీస్తే మొహాలు అద్దంతోనే పోతాయి, అద్దంతో సహా స్కాన్ చేద్దాం అన్నారు. వెనక అట్ట మాత్రం మెల్లగా తీసేశారు, ఆ అట్టలోని ఆమ్లమే కాగితాన్ని పసుపుపచ్చగా మారుస్తుందట. దాని బదులు ఆమ్లం లేని కాగితం పెట్టారు.

తర్వాత భూతద్దం తీసి, టేబుల్ లైటు పక్కకి వంచి చాలాసేపు చూశారు. ముందు మనుషుల్ని చూడలేదు, బాల్ చూశారు, బూట్లు చూశారు, కాలరు చూశారు, వెనక గోల్‌పోస్టు చెక్కదా ఇనుపదా అని చూశారు. అందరి కాళ్ళకీ బూట్లు ఉన్నాయి కదా, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది, అంటే ఆ తర్వాతది అయ్యుండడానికే ఎక్కువ అవకాశం, కానీ బూట్లు ఉన్నంత మాత్రాన తేల్చెయ్యలేం అన్నారు. బీరువాలోంచి ఇంకో ఫోటో తెచ్చి పక్కన పెట్టారు. రెండు ఫోటోల్లోనూ ముగ్గురు మనుషులు కలిశారు. ఆ ముగ్గురి పేర్లు పెన్సిల్‌తో, పెన్నుతో ఎప్పుడూ కాదు, ఒక పలచని కాగితం మీద వాళ్ళు నిలబడ్డ చోటనే గీతల బొమ్మ వేసి రాశారు. చివరికి సూటాయన దగ్గరికి వచ్చారు. చెవులు, నుదురు, జుట్టు మొదలైన చోటు రహీం సాబ్ ఫోటోతో పోల్చి, మామయ్య వైపు తిరిగి అన్నారు:

"రహీం సాబ్ కాదు సార్ ఇది. అయితే బాగుండని నాకూ ఉంది. కానీ కాదు."

మామయ్య మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళుగా చెప్పుకున్న మాట కదా. అంకుల్ ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి, తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే నింపుతాను, అప్పటిదాకా ఖాళీగానే ఉంచుతాను అన్నారు. నాకు ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది అక్కడే. ఎదుటివాళ్ళని సంతోషపెట్టడానికి ఊ అనెయ్యడం ఎంత తేలిక, పైగా రహీం సాబ్ ఉన్న ఫోటో అంటే ఆయన గదికీ గొప్పే. చరిత్రని భద్రపరిచేవాడికి ఉండాల్సిన మొదటి గుణం ఇదేనని నా అభిప్రాయం. మన దగ్గర పాత ఫోటోల కింద ఎవరికి తోచిన పేర్లు వాళ్ళు రాసేసి వాట్సాప్‌లో తిప్పుతుంటారు, అదే రేపు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. మామయ్య కూడా ఇంటికొచ్చాక, కలిసిన ఆ ముగ్గురి పేర్లు అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పారు.

స్కాన్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, అసలు ఫోటో వెనక్కి ఇచ్చేశారు. ఇవ్వమని ఒక్కసారి కూడా అడగలేదు. డబ్బు ఎంతంటే గల్లా పెట్టె పక్కన ఉన్న ఒక పొడుగు రూళ్ళ పుస్తకం చూపించారు.

ఆ పుస్తకం మీరు తప్పకుండా చూడాలి. ఫోటో స్కానింగ్, పాత ఫోటోల ప్రింట్లు, రెండేసి ఉన్న సావనీర్లు అమ్మగా వచ్చింది, ఇదంతా ఎడమ వైపు. కుడి వైపు ఆ డబ్బుతో ఏం కొన్నారో. "సైజు 3, రెండు జతలు. సైజు 5, ఒక జత. షిన్ గార్డులు. పంపు." పిల్లల పేర్లు ఎక్కడా ఉండవు, సైజులే ఉంటాయి. ఎందుకంటే రేపు ఆ పిల్లాడు పెద్ద ఆటగాడైతే ఉచితంగా బూట్లు తీసుకున్నాడన్న మాట ఎక్కడా రాసి ఉండకూడదు అన్నారు. బూట్లు ఇచ్చేటప్పుడు ఫోటోలు తియ్యరు, బ్యానర్ లేదు, ఎవరినీ పిలిచి పంచరు. బస్తీ గ్రౌండ్‌లో నేర్పించే కోచ్‌లు సైజు చెప్పి పంపిస్తారు, పిల్లాడు అందరిలాగే దుకాణానికి వచ్చి, వేసి చూసుకుని, కవర్‌లో పెట్టుకుని వెళ్తాడు. నేను ఉండగానే ఒకబ్బాయి వచ్చాడు, కొన్నాడో ఊరికే తీసుకున్నాడో పక్కన నిలబడ్డ నాకే తెలియలేదు.

ఊరికే నగదు ఇస్తానంటే తీసుకోరు. వస్తువులు తీసుకుంటారు. మీ పిల్లలకి చిన్నవైపోయిన బూట్లు, సోల్ ఊడినా సరే, పైభాగం చిరక్కుండా ఉంటే చాలు, ఆయన సోల్ అతికించి, అంచు చుట్టూ కుట్టి ఇస్తారు. కడిగి, ఎండబెట్టి ఇవ్వండి దయచేసి. బురదతో సంచి అక్కడ పడేసి పోయేవాళ్ళని చూశాను, ఇచ్చేది మర్యాదగా ఇవ్వాలి.

ఆంటీ గురించి చెప్పకపోతే అన్యాయం. జెర్సీల మీద నంబర్లు కుట్టేది ఆవిడే, పాత జెర్సీలు చూసుకునేదీ ఆవిడే. ఉన్ని జెర్సీలని హ్యాంగర్‌కి వేలాడదీస్తే భుజాల దగ్గర సాగిపోతాయని, ఉతికి గంజి పూర్తిగా పోయిన తెల్ల నూలు గుడ్డలో పడుకోబెట్టి చుట్టి పెడతారు. మడతపెట్టిన చోట మళ్ళీ మడత పడకుండా అప్పుడప్పుడు మడతలు మారుస్తారు. పేపర్ కటింగులకి సెల్లోటేపు వెయ్యరు, లామినేషన్ అసలే చెయ్యరు. వానాకాలంలో అరల్లో పెట్టిన సిలికా జెల్ పొట్లాలు తీసి ఆరబెట్టి మళ్ళీ పెడతారు. మీ ఇంట్లో పాత జెర్సీలో కాగితాలో ఏమైనా ఉంటే ఈ సంగతులు పాటించండి చాలు, మీ పిల్లల పిల్లల దాకా ఉంటాయి.

గది చివర ఒక పసుపు జెర్సీ ఉంది, హైదరాబాద్ ఎఫ్‌సీది. దాన్ని చూసి నేను కాసేపు కదల్లేకపోయాను. 2022 మార్చి 20, గోవా ఫతోర్డా స్టేడియం, ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ అయిపోవస్తోంది, కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది, 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాల్ నేల తాకకముందే దూరం నుంచి కొట్టిన ఆ వాలీ, తర్వాత పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపడం, మా హాల్లో మేమందరం అరిచిన అరుపు. 2019లో పుట్టిన క్లబ్ మూడేళ్ళకే ఛాంపియన్ అయింది, 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయి పేరు కూడా మారిపోయింది. గచ్చిబౌలి స్టేడియానికి మెడలో పసుపు స్కార్ఫ్‌తో వెళ్ళిన మాలాంటివాళ్ళకి ఆ బాధ ఇంకా ఉంది. పోలీస్ టీమ్ గదిలో ఇదెందుకు అంకుల్ అంటే, ఆ పోలీస్ టీమ్ వస్తువులు కూడా మొదట్లో ఎవరూ దాచలేదు బిడ్డా, ఇది మొన్నటిదే కదా అనుకున్నరు, అన్నారు. నా దగ్గరున్న ఆ సీజన్ స్కార్ఫ్ ఆయనకి ఇచ్చేశాను. రిజిస్టర్‌లో రాసుకుని రసీదు కూడా ఇచ్చారు.

బాగాలేనివి కూడా చెప్పాలి. టీమ్ జెర్సీలు ఆర్డరిస్తే చెప్పిన రోజుకి రావు, ప్రింటింగ్ బయట చేయిస్తారు కాబట్టి కనీసం వారం అదనంగా వేసుకోండి, టోర్నమెంట్ ముందురోజు టెన్షన్ పడలేరు. కొలతలు కొంచెం బిగుతుగా ఉంటాయి, ఒక సైజు పెద్దది చెప్పండి. గల్లీలో కారు పట్టదు, మెయిన్ రోడ్డు మీద ఆపుకుని నడవాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసేస్తారు. వెనక గదికి రెండు మెట్లు ఎక్కాలి, గడప ఎత్తు, మోకాళ్ళ నొప్పులున్న మామయ్యకి ఇబ్బందైంది. ఇవి సర్దుకోవచ్చు. కానీ రెండు విషయాలు అంకుల్‌కి కూడా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. వస్తువుల కింద రాసినవన్నీ ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ ఉన్నాయి, తెలుగులో లేవు. లాలాగూడ పిల్లలు చదువుకోవాలంటే తెలుగులో ఉండాలి. ఆయన ఒప్పుకున్నారు, ఇప్పుడు నేనూ పాపా కలిసి కొన్ని రాస్తున్నాం. రెండోది, మొత్తం గదిలో ఆడపిల్లలు ఆడిన ఫోటో ఒక్కటి కూడా లేదు. మా పాప అడిగిన మొదటి ప్రశ్న అదే. దొరకలేదు తల్లీ, దొరికితే ఇంకో అర చేయిస్తా అన్నారు, కార్పెంటర్‌ని పిలిచి కొలతలు కూడా తీయించారు.

కాబట్టి బూట్లకి అయిదుకి అయిదు, బాల్ రిపేరుకి అయిదుకి అయిదు, జెర్సీలకి మూడు. వెనక గదికి టికెట్ లేదు, అడిగితే చూపిస్తారు. పిల్లలతో వెళ్తే ఆదివారం ఉదయం వెళ్ళండి, ఆ పూట బేరం తక్కువ కాబట్టి కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చెబుతారు. మీ ఇంట్లో పోలీస్ టీమ్ ఫోటో, ఫతే మైదాన్ టికెట్ ముక్క, తెలుగు పేపర్ కటింగు ఏదున్నా పట్టుకెళ్ళండి, స్కాన్ చేసుకుని అప్పటికప్పుడే వెనక్కి ఇచ్చేస్తారు. మీ అమ్మగానీ అత్తగానీ పిన్నిగానీ కాలేజీకో యూనివర్సిటీకో ఫుట్‌బాల్ ఆడి ఉంటే, ఒక్క ఫోటో ఉన్నా సరే, అది ముందు తీసుకెళ్ళండి.